మూడు వందల కిలోమీటర్ల తేడా

ఫిబ్రవరి 4, ఆదివారం

పిచ్చుకా,

ఈ ఉత్తరం నాన్న సంచిలో, కళ్ళజోడు పెట్టె కింద పెట్టి పంపుతున్నాను. ఆయనతోపాటే దిగుతుంది. ‘ఫోన్ చేస్తే పోలా’ అంటాడు మీ బావ. రోజంతా లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళతో ఫోన్లో మాట్లాడే పిల్ల, ఇంటికొచ్చాక కూడా ఫోను మోగితే ‘ఏ అంతస్తండీ?’ అంటుందని నేనే వద్దన్నాను. పైగా మనం ఫోన్లో మాట్లాడుకున్నప్పుడల్లా ఎవరో ఒకరం మధ్యలో పెట్టేస్తున్నాం. కాగితం మీదైతే కనీసం మాట పూర్తవుతుంది.

నాన్న మూడు వారాలు ముందే వస్తున్నాడు. అమ్మ పోయాక మనం అనుకున్నది తలా మూడు నెలలు కదా, నా వంతు ఇంకా ఉంది. కానీ కొన్నాళ్ళుగా ఒకటే పోరు, ‘చిన్నదాని దగ్గరికి వెళ్తా, టికెట్టు తియ్యి’ అని. ఏమైంది నాన్నా అంటే ‘ఏమీ కాలేదమ్మా’ అంటాడు, మళ్ళీ వెళ్ళి గుమ్మంలో నిలబడతాడు. నలుగురూ వస్తుంటారు, పొద్దుపోతుందని మా కళ్ళజోళ్ళ షాపులో కూచోబెట్టాను. ఒకరోజు నేను బయటికెళ్ళి వచ్చేసరికి కుర్చీలన్నీ రెండేసి చొప్పున, ఒకదాని వెనక ఒకటి సర్దేశాడు. మధ్యలో నడవడానికి దారి. కళ్ళు చూపించుకోడానికొచ్చిన ఒకావిడ ముందు సీట్లో కూర్చుని ‘ఎన్నింటికి బయల్దేరుతుందండీ?’ అంది. నాన్న పకపకా నవ్వాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. కుర్చీలు మళ్ళీ గోడవారకి లాగించాను. అది మనసులో పెట్టుకున్నాడో ఏమో.

‘ఎంతక్కా, గంటా నలభై నిమిషాలు’ అని నువ్వు తేలిగ్గా అంటావు. ఇంట్లోంచి ఎయిర్‌పోర్టుకి గంటన్నర, అక్కడ రెండు గంటల ముందు, బెల్టు విప్పు, చెప్పులు విప్పు, చేతులెత్తు. మీ ఊళ్ళో దిగాక మీ ఇంటికి ఇంకో గంటన్నర. గాల్లో ఉండేది కాస్త, లైన్లో నిలబడేది బోలెడు. పాపం మోకాళ్ళు పట్టేస్తాయి, వేణ్ణీళ్ళు పెట్టు.

బీపీ మాత్ర పొద్దునే వెయ్యాలి. మరచిపోయాననే నెపంతో ఎగ్గొడతాడు, ఎదురుగా నిలబడి వేయించు.

నీ దగ్గరైనా కుదురుగా ఉంటాడని ఆశపడుతూ,
అక్క


మార్చి 18

అక్కా,

నాన్న దిగి నెల దాటింది. రాయడం నాదే ఆలస్యం. ఇప్పుడు కూడా నువ్వేమీ అనుకోకపోతే ఒకటి అడగాలని కలం పట్టుకున్నాను.

ముందు నవ్వొచ్చేది చెప్తాను. దిగిన రోజు టాక్సీలో కూర్చున్న దగ్గర్నుంచీ ఒకటే లెక్క. విమానంలో సీటు ముందు తెర మీద దూరం వేశారట, తొమ్మిది వందల చిల్లర అని. ‘నేను ఇరవయ్యారేళ్ళు బస్సు నడిపిన దారి పన్నెండు వందల చిల్లర. మిగతా మూడొందలు ఎవరు తినేశారు?’ అన్నాడు. విమానం తిన్నగా పోతుంది నాన్నా, రోడ్డు కొండ చుట్టూ తిరగాలి, ఏటి మీద వంతెన ఎక్కడుందో వెతుక్కుంటూ పోవాలి కదా అన్నాను. ‘వంతెన దగ్గర మామూలుగా దిగి కాళ్ళు సాగదీసుకునేవాళ్ళం’ అన్నాడు. 

ఇక్కడ కుర్చీల్లేవు కాబట్టి మా లిఫ్టు పట్టుకున్నాడు. నేను డ్యూటీకి వెళ్తుంటే నాతోపాటే బయటికొస్తాడు, నేను వెళ్ళగానే అందులో ఎక్కుతాడట. ఎవరు ఏ అంతస్తో అడిగి మీట నొక్కుతాడు, ‘లోపలికి జరగాలి, లోపలికి జరగాలి’ అంటాడు. ఇంకొంచెం చనువైతే టికెట్లు కొట్టేవాడేమో. ఆరో అంతస్తు ఆయన నా దగ్గరికొచ్చి ‘మీ నాన్నగారికి ఒంట్లో బాగుందా?’ అని గొంతు తగ్గించి అడిగాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. ‘నాన్నా, ఇంట్లో కూర్చోరాదూ’ అన్నాను. కసిరినట్టు కాదు, మామూలుగానే. ఆ మర్నాటి నుంచి ‘పెద్దదాని దగ్గరికి వెళ్తా’ అని మొదలుపెట్టాడు.

నేను అడగదల్చుకున్నది ఇదే. పోయిన ఆదివారం నువ్వు నాన్నతో ఫోన్లో అంతసేపు మాట్లాడావు. ఏం చెప్పావు? వచ్చెయ్యమన్నావా? నా దగ్గర ఆయనకి తోచదని నీకు మొదట్నుంచీ ఉంది, తెలుసు. ఆ మాటేదో నాతో అంటే సరిపోయేది.

టికెట్టు తీశాను. శుక్రవారం వస్తున్నాడు.

చెల్లి


ఏప్రిల్ 9

పిచ్చుకా,

నేను రమ్మనలేదు. ఆ ఆదివారం మేం మాట్లాడింది మీ బావ పంటి నొప్పి గురించి. కావాలంటే నాన్ననే అడుగు.

రమ్మనకపోయినా రావడమే మంచిదైంది. మనిషి చిక్కిపోయాడు. మెడ దగ్గర చొక్కా వేలాడుతోంది. నువ్వు డ్యూటీలో ఉంటే ఏం తింటున్నాడో ఎవరు చూస్తారు? పైగా పొద్దున వెళ్తూ తాళం వేసి వెళ్తావట కదా. నిన్న మాటల్లో ‘చిన్నది తాళం వేసుకుని వెళ్ళిపోతుంది’ అన్నాడు. పెద్దవాణ్ణి నాలుగో అంతస్తులో పెట్టి తాళం వెయ్యడం ఏమిటే? ఏదన్నా అయితే?

వచ్చిన దగ్గర్నుంచీ మెడ పట్టేసిందంటున్నాడు. విమానంలో కిటికీకి ముఖం ఆనించి ఒకే పక్కకి చూస్తూ కూర్చున్నాడట. మధ్య ఊరు కనపడుతుందేమో అని. ఎయిర్ హోస్టెస్‌ని పిలిచి ‘అమ్మాయ్, బస్సు డిపో ఉన్న ఊరు ఎప్పుడొస్తుంది, కాస్త చెప్తావా?’ అని అడిగాడట. ఆ పిల్ల మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి వెళ్ళిందట.

నువ్వు చిన్నదానివి, నీకు గుర్తుండదు. బస్సు అక్కడ ఆగేది. నాన్న అక్కడిదాకా నడిపితే, అక్కణ్ణుంచి రెండో డ్రైవరు అందుకునేవాడు. ఆయన్ని మనం జోడీ బాబాయి అనేవాళ్ళం. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు వెనక సీట్లో పడుకునేవారు. వారంలో నాలుగు రోజులు నాన్న ఆ బస్సులోనే ఉండేవాడు కదా. నాన్న ఇంటికొస్తే అమ్మ ‘చుట్టం వచ్చాడు’ అనేది.

ఇప్పుడు మా ఇంటి ముందు బస్‌స్టాపులో పొద్దున్నుంచీ నిలబడి, వచ్చిన ప్రతి డ్రైవరుకీ వెనక్కి ఎలా తియ్యాలో చెయ్యి ఊపి చూపిస్తున్నాడు. వాళ్ళు విసుక్కుంటున్నారు. ఎవరైనా ఒక మాట అంటారేమోనని నేను షాపులోంచి చూస్తూ కూర్చుంటున్నాను. పని మీద ధ్యాసే లేదు. నిన్న ఒకాయనకి వేరే ఆయన కళ్ళజోడు ఇచ్చి పంపేశాను.

తాళం సంగతి రాయి.

అక్క


ఏప్రిల్ 17

అక్కా,

రాస్తాను. రెండో తాళంచెవి ఆయన జేబులోనే ఉంటుంది. నేను తాళం వేసి వెళ్ళేది ఆయన లిఫ్టులో తిరుగుతూ తలుపు బార్లా వదిలేస్తాడు కాబట్టి. ఆయన లోపల ఉండగా కాదు! నేనేం మనిషినని అనుకుంటున్నావు?

చిక్కిపోయాడు నిజమే. ఇక్కడికి వచ్చినప్పుడే చిక్కి ఉన్నాడు. నేనప్పుడు నిన్నేమైనా అన్నానా?

నీకు బావగారున్నారు, షాపుంది, నలుగురు మనుషులున్నారు. నేను ఒక్కదాన్ని, షిఫ్టు డ్యూటీ. మొన్న ఒక ఆసుపత్రి లిఫ్టులో ఒక నర్సు పేషెంటుతో సహా ఇరుక్కుంది. మెకానిక్కు వెళ్ళేదాకా నేనే ఆ నర్సుతో మాట్లాడుతూ ఉన్నాను. ఆ ఫోను పెట్టి మంచినీళ్ళు తాగబోతే నీ ఉత్తరం చేతికొచ్చింది. నాన్నని తాళం వేసి పెట్టానట.

అంత నమ్మకం లేనప్పుడు ఇక నీ దగ్గరే ఉంచుకో. గంటా నలభై నిమిషాలకోసారి ఆయన్ని ఇటూ అటూ విసరడం నాకూ ఇష్టం లేదు.

చెల్లి


మే 1

పిచ్చుకా,

కోపం తగ్గకపోయినా ఇది చివరిదాకా చదువు. ఇది కూడా నాన్న సంచిలోనే వస్తోంది.

నాదే తప్పు. తాళం మాట నాన్నని మళ్ళీ అడిగాను. ‘తాళంచెవి నా దగ్గరుంటుందిగా, నువ్వు పూర్తిగా వినవు’ అన్నాడు. వినలేదు, నిజమే. సగం విని నీ మీద పడ్డాను.

కానీ నువ్వు అనకూడని మాట అన్నావు. ఆ ఉత్తరం నేను షాపులో మీ బావకి చదివి వినిపిస్తున్నాను. ‘ఇక నీ దగ్గరే ఉంచుకో’ అన్న చోట ఒళ్ళు మండి గట్టిగా చదివాను. వెనక్కి తిరిగితే నాన్న గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. రెండు రోజుల తర్వాత ‘చిన్నదాని వంతు వచ్చింది కదా, టికెట్టు తియ్యమ్మా’ అన్నాడు. రాలేదు నాన్నా, ఇంకా చాలా రోజులుంది అన్నాను. ‘వచ్చిందిలే’ అన్నాడు.

నువ్వు రాసింది ఆయనకి తెలిసిందని నీకు తెలియాలనే రాస్తున్నాను, నిన్ను దెప్పడానికి కాదు. ఒక్క నాలుగు రోజులు సెలవు పెట్టు. ఆయనతో బయటికెళ్ళు. ఎక్కడికైనా సరే, బస్సులో తీసుకెళ్ళు.

రేపు పొద్దున మీ బావ ఎయిర్‌పోర్టులో దింపుతాడు. నాకు లెన్సుల డెలివరీ ఉంది.

అక్క


మే 6

అక్కా,

‘దొరికాడు’ అని ఫోన్లో ఒక్క మాట చెప్పి పెట్టేసినందుకు తిట్టుకుంటున్నావని తెలుసు. ఆ సమయంలో ఇంకొక్క మాట మాట్లాడితే ఏడ్చేదాన్ని. ఇప్పుడు మొత్తం రాస్తాను.

విమానం టైముకే దిగింది. అందరూ బయటికొచ్చారు. సామాన్ల బెల్టు ఆగిపోయింది, తుడిచేవాళ్ళు వచ్చారు, నాన్న రాలేదు. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో చూసి ‘ఆయన విమానం ఎక్కనేలేదండీ’ అంది. నీకు చేశాను. మనం ఒకళ్ళనొకళ్ళం ఏమేమి అనుకున్నామో మళ్ళీ రాయను. ‘బావగారు రోడ్డు మీద దింపేసి వెళ్ళిపోయారు, లోపలికెళ్ళేదాకా కూడా నిలబడలేదు’ అన్నాను. అది మాత్రం ఇప్పటికీ అంటాను.

రెండు రోజులు పోలీసు స్టేషనుకీ ఇంటికీ మధ్య తిరిగాను. ఒంటరిగా ఇంట్లో కూర్చోలేక మూడో రోజు డ్యూటీకి వెళ్ళాను. మధ్యాహ్నం లైను మోగింది. అలవాటుగా ‘నమస్కారం, కంగారు పడకండి, ఏ అంతస్తులో ఇరుక్కున్నారు?’ అన్నాను.

‘నేనెక్కడా ఇరుక్కోలేదమ్మా. దిగాను’ అన్నాడు.

నాన్న! మా లిఫ్టులో రాసి ఉండే మా ఆఫీసు నంబరు ఆయనకి నోటికొచ్చట. నీ నంబరూ నా నంబరూ ఫోన్లో ఉన్నాయి, ఫోనులో చార్జింగు లేదు.

బావగారి కారు కనుమరుగయ్యేదాకా చెయ్యూపి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న స్టాపులో బస్సెక్కాడట. దాంట్లో పెద్ద బస్టాండుకి, అక్కడ మన దారి బస్సు. మధ్య ఊళ్ళో దిగిపోయాడు. ఇప్పుడు అక్కడ జోడీ బాబాయి ఇంట్లోనే ఉంటున్నాడు. చెప్పి వెళ్ళొచ్చు కదా నాన్నా అని అరిచాను. పక్క సీట్లవాళ్ళంతా తిరిగి చూశారు. ‘చెప్తే పంపేవాళ్ళా?’ అన్నాడు.

ఎవరో లైన్లో వెయిట్ చేస్తున్నారు, నిజంగానే ఇరుక్కున్నవాళ్ళు. పెట్టెయ్యాల్సి వచ్చింది.

ఒక్కటి చెప్పు. ఆయన నా దగ్గరికి రావడం ఇష్టం లేక మధ్యలో దిగిపోయాడా? నువ్వు ఒక్క ముక్క కూడా రాసి పంపలేదు. అంత కోపమా?

చెల్లి


మే 10

పిచ్చుకా,

నేను రాశాను. ఆయన సంచిలో ఉంది. అది చదివాక నాతో మాట్లాడు.

మీ బావ ఆ మూడు రోజులూ అన్నం ముట్టలేదు. ‘నేనే దింపాను, నేనే పోగొట్టాను’ అని కుర్చీలోంచి లేవలేదు. నువ్వు అన్న మాట ఆయనకి చెప్పలేదు, చెప్పను కూడా.

నువ్వు వెళ్ళి తీసుకురా. నేను ఇక్కణ్ణుంచి కదలలేను, షాపులో ఒక్క మనిషి లేడు. తీసుకొచ్చాక ఎవరి దగ్గర ఉండాలో తర్వాత చూద్దాం. ఆ వయసులో పరాయి ఇంట్లో ఏమిటి? నలుగురూ ఏమనుకుంటారు, ఇద్దరు కూతుళ్ళుండి?

అక్క


మే 19, బాబాయి ఇంటి నుంచి

అక్కా,

తీసుకురాలేకపోయాను. ముందే చెప్తున్నాను, తర్వాత తిట్టు.

మా ఊళ్ళో తెల్లారి బస్సెక్కితే ఇక్కడ దిగేసరికి పొద్దు వాలింది. నడుం విరిగింది. ఏటి వంతెన దగ్గర బస్సాపారు, అందరూ దిగారు, నేనూ దిగాను. పక్క సీటావిడ తన పిల్లాణ్ణి నాకు పట్టుకోమని ఇచ్చి, వాడికి పాలు కలిపింది. మూడేళ్ళుగా మన రెండూళ్ళ మధ్య నేను విమానంలో తిరుగుతున్నానే, ఒక్కసారి కూడా పక్కవాళ్ళ ముఖం చూసిన గుర్తు లేదు.

బాబాయికి మోకాలు ఆపరేషనయింది, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. డ్రైవింగు స్కూలు పెట్టుకున్నాడు. స్కూలంటే ఒకే ఒక్క పాత కారు, పక్క సీటు దగ్గర కూడా బ్రేకు ఉంటుంది. కాలు పనిచెయ్యక రెండు నెలలుగా దాన్ని షెడ్డులో పెట్టేశాడు. ఇప్పుడు నాన్న నేర్పిస్తున్నాడు.

నేను వెళ్ళేసరికి డిపో వెనక మైదానంలో ఉన్నాడు. స్టీరింగు దగ్గర ఒక టీచరమ్మ, నలభై దాటి ఉంటాయి, భయంతో బిగుసుకుపోయింది. బండి ఎగిరెగిరి ఆగిపోయింది. ఆవిడ ఏడుపు ముఖం పెట్టింది. నాన్న ఏమన్నాడో తెలుసా? ‘ఏం కాలేదు తల్లీ, బండి కదా, ఆగుతుంది. మళ్ళీ తియ్యి.’ మనతో ఎప్పుడైనా అంత మెల్లగా మాట్లాడాడా అక్కా? నేను ఉడుక్కున్నాను కూడా.

మర్నాడు అడిగాను. నేను రాసిన ఆ మాట వల్లేనా నాన్నా ఇదంతా, అని. ‘అది విని బాధపడ్డాను. అబద్ధమెందుకు’ అన్నాడు. ‘కానీ దానికి ఇంత దూరం రాను. మీరిద్దరూ బాగానే చూశారు. పెద్దదాని ఇంట్లో కూర్చుంటాను, చిన్నదాని ఇంట్లో కూర్చుంటాను. మధ్యలో గాల్లో కూర్చుంటాను. చేతులతో ఏం చెయ్యాలో తెలీదమ్మా నాకు.’

ఇంటికి పద నాన్నా అని బతిమాలాను. బట్టలు సర్దుతానని సంచి కూడా తీశాను. నా చేతిలోంచి మెల్లగా లాక్కున్నాడు. ‘మీ అక్క వంతయింది, నీ వంతయింది. నా వంతు ఉండనీ’ అన్నాడు.

ఆ సంచిలోనే నీ ఉత్తరం దొరికింది. నిన్న సాయంత్రం చదివాను. బస్సులో తీసుకెళ్ళమన్నావు. బావగారికి నా తరఫున చెప్పు... ఏం చెప్పాలో నాకే తెలీడం లేదు. నేనే ఫోన్ చేస్తాను, ఆయన ఎత్తితే.

నలుగురూ అనుకునేదాని సంగతి నాకు తెలీదు. నువ్వొకసారి వచ్చి చూడు. నీ కళ్ళతో చూశాక కూడా తీసుకెళ్ళాలనిపిస్తే నేను అడ్డు చెప్పను.

చెల్లి


జూన్ 16, ఆదివారం

పిచ్చుకా,

నేను ఎక్కడి నుంచి రాస్తున్నానో అక్షరాలు చూస్తేనే తెలుస్తుంది, బాబాయి ఇంట్లో బల్లకి ఒక కాలు పొట్టి.

తీసుకెళ్దామనే వచ్చాను. దాపరికమెందుకు? మీ బావని షాపులో కూచోబెట్టి, నాన్నకి కొత్త చొక్కాలు కొని, తిరుగు టికెట్లు రెండు తీసుకుని మరీ బస్సెక్కాను. దారంతా ఆయనతో ఏమనాలో నాలో నేను వాదించుకుంటూనే ఉన్నాను. ‘మమ్మల్ని నలుగురిలో తలెత్తుకోనిచ్చావా’ అనేది మొదటి మాట. దిగేసరికి ఆయన బస్టాండులో నిలబడి, మా డ్రైవరుకి వెనక్కి తియ్యమని చెయ్యి ఊపుతున్నాడు. ఈ డ్రైవరు విసుక్కోలేదు. ‘పెద్దాయనా, రైట్’ అని అరిచి, ఆయన చూపించినట్టే తీశాడు. నా మొదటి మాట నోట్లోనే ఉండిపోయింది.

రెండు రోజులు పోట్లాడాను మరి. ఒంట్లో బాగోలేకపోతే ఎవరు చూస్తారు అన్నాను. బాబాయి కర్ర నేలకేసి కొట్టి, ‘ఇరవయ్యారేళ్ళు వీడు పడుకుంటే నేను మేలుకున్నాను, నాకు కొత్త ఏంటమ్మా?’ అన్నాడు. ఇక్కడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి బీపీ చూపించాను. నిరుటికంటే తక్కువే ఉంది. నాకు సంతోషించాలో ఉక్రోషపడాలో తెలియలేదు.

నిన్న నాన్న, ‘వచ్చావుగా, ఖాళీగా కూర్చోకు’ అని నన్ను కారులో కూచోబెట్టాడు. యాభయ్యేళ్ళకి ఇప్పుడా నాన్నా అన్నాను. చిన్నప్పుడు నేనెంత అడిగినా నేర్పలేదు, ఇంట్లో ఉండేదే మూడు రోజులని. బండి ఎన్నిసార్లు ఆపేశానో. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఇవాళ మైదానం దాటించి రోడ్డెక్కించాడు. డిపో చుట్టూ, మార్కెట్టు పక్కగా, బడి ముందు నుంచి మళ్ళీ డిపో. రెండో చుట్టులో ‘ఎడమకి’ అన్నాడు. మూడో చుట్టులో ఏమీ అనలేదు. ఎదురుగా లారీ వస్తోంది, ఊపిరి బిగబట్టి పక్కకి తీసి, ‘చూశావా నాన్నా!’ అని తిరిగాను. తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. బ్రేకు మీద కాలు కూడా లేదు.

పిచ్చుకా, పక్కన ఆయన లేడన్నట్టే కదా! లేపుదామని చెయ్యి కూడా చాపాను. లేపలేకపోయాను. ఆపితే మెలకువ వస్తుందేమోనని ఆపలేదు కూడా. డిపో, మార్కెట్టు, బడి. మళ్ళీ డిపో. బాబాయి గేటు దగ్గర నిలబడి ‘ఎన్నిసార్లు తిరుగుతావమ్మా?’ అని కర్ర ఊపాడు. నోటి మీద వేలు పెట్టి ముందుకి పోయాను.

టికెట్లు రెండూ వెనక్కి ఇచ్చేశాను. ఈ శనివారం దాకా ఇక్కడే ఉంటాను, మీ బావ కూడా ఆ రోజు మా ఊరి నుంచి బస్సెక్కుతున్నాడు. నువ్వు అటు నుంచి ఎక్కు. బస్టాండుకి నేనే వస్తాను, కారులో. ఆపడం సరిగ్గా రాదు, కాబట్టి నేను దగ్గరికొచ్చేసరికి నువ్వు తయారుగా నిలబడి ఉండు.

అక్క